మీకు తెలుసా? బుల్లి ఫ్రిజ్‌కు గొంతు పెద్దదే!

కూల్‌డ్రింకులు పెట్టుకునే బుల్లి ఫ్రిజ్ పగలు ఉన్నట్టే తెలియదు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక మాత్రం గురక మొదలెడుతుంది.

ఆ చప్పుడును డెసిబెళ్లలో కొలుస్తారు. ఇది మామూలు లెక్క కాదు. 3 డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. 10 పెరిగితే చెవికి దాదాపు రెండింతలు గట్టిగా తోస్తుంది. కాబట్టి 32కూ 42కూ తేడా కాగితం మీద చిన్నదే, పడకగదిలో పెద్దది. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి ఫ్రిజ్ లేబుల్ మీద శబ్దానికీ గ్రేడు ఇస్తున్నారు: 30 డెసిబెళ్ల లోపైతే ‘ఎ’, 42 గానీ ఆపైన గానీ ఉంటే ‘డి’.

చప్పుడు ఎలా ఉంటుందన్నది లోపలి యంత్రాన్ని బట్టి ఉంటుంది. కంప్రెసర్ ఆగి ఆగి మోగుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన పెల్టియే 1834లో కనిపెట్టిన సూత్రంతో నడిచే ఫ్రిజ్‌కు కంప్రెసర్ ఉండదు. కానీ వేడిని బయటికి నెట్టే చిన్న ఫ్యాను దాదాపు ఆగకుండా తిరుగుతుంది. పైగా గది 40 డిగ్రీలకు చేరే మన ఎండల్లో ఈ ఫ్రిజ్ చల్లదనం అంతంత మాత్రమే.

స్వీడన్‌లో ప్లాటెన్, మంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు 1922లో రూపొందించిన అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌లో కదిలే భాగమే లేదు. చాలా హోటళ్లు మినీబార్లకు దీన్నే ఎంచుకోవడానికి ఆ నిశ్శబ్దమే ముఖ్య కారణం.

కొనేముందు డెసిబెల్ అంకె అడగండి. ఇంట్లో ఉన్న ఫ్రిజ్‌ను గోడకు ఆనించకండి, కాళ్లు సమంగా ఆనేలా చూడండి, సీసాలు ఒకదానికొకటి తగలకుండా సర్దండి.