వాతరక్తం - పథ్యం

కొన్ని జబ్బులకు హోదా వుంటుంది. బొటనవేలు వాచి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినట్లుండే గౌట్ అనే జబ్బును పాశ్చాత్యులు ‘రాజుల రోగం’ అన్నారు. దీనికి చాలావరకు సరిపోయే వాతరక్తాన్ని చరకసంహిత ‘ఆఢ్యవాతం’ అని కూడా పిలిచింది. ఆఢ్యుడంటే కలిగినవాడు. సుకుమారంగా పెరిగి, నడక లేకుండా కూర్చునేవారికి ఇది వస్తుందని అక్కడే చెప్పారు. ఇప్పుడు మాత్రం ఈ జబ్బు కలిమి లేములు చూడడంలేదు.

ఇది ఎలా వస్తుంది? మన శరీరంలోనూ, తినే పదార్థాలలోనూ వుండే ప్యూరిన్లు విరిగితే యూరిక్ ఆమ్లం పుడుతుంది. దానిలో ఎక్కువ భాగాన్ని మూత్రపిండాలు బయటికి పంపాలి. ఆ పని కుంటుపడితే అది రక్తంలో పెరుగుతుంది. డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే, ముదిరిన పాకం గిన్నె అంచున పలుకులు కట్టినట్లు, కీళ్ళలో సూదులవంటి స్ఫటికాలు ఏర్పడవచ్చు. పాదాలు వంట్లో చల్లటి చోటు గనుక బొటనవేలే తరచు ముందు చిక్కుతుంది.

మా బావగారు శుద్ధ శాకాహారి. ఆయనకీ జబ్బు రాగానే ఎవరో చెప్పారని మా అక్కయ్య కందిపప్పు, పాలకూర, గోబీపువ్వు అన్నీ మానిపించింది. నెల తిరిగేసరికి మనిషి నీరసించారు. “ఏమోయ్, ఆఢ్యవాతమంటావు, నా కంచంలో చూస్తే దరిద్రమే కనిపిస్తోంది!” అన్నారు నాతో. వైద్యుడు వచ్చి, పప్పుమీద నిషేధం ఎత్తివేశాకగాని ఆయన ముఖం తేటపడలేదు.

వైద్యుడి మాటకు ఆధారం వుంది. అమెరికాలో 47,150 మంది మగవారిని 12 ఏళ్ళు గమనించి 2004లో ఫలితాలు ప్రకటించారు. మాంసం, చేపలు, రొయ్యలవంటివి ఎక్కువగా తిన్నవారిలో గౌట్ ఎక్కువగా కనిపించింది. ప్యూరిన్లున్న కూరగాయలు, పప్పులు తిన్నందువల్ల ముప్పు పెరగలేదు. వెన్న తీసిన పాలు, పెరుగు తీసుకొన్నవారిలో తగ్గింది కూడా. మన మజ్జిగకు ఇంతకన్న ప్రశంస ఏం కావాలి!

కనుక తగ్గించవలసినవి వేరే వున్నాయి. కార్జం, మెదడువంటివి మానాలి. వేటమాంసం, రొయ్యలు, ఎండుచేపలు మితం చేయాలి. మద్యం, అందులోనూ బీరు, పనికిరాదు. శాకాహారులు సైతం మరచిపోయేది తియ్యటి కూల్ డ్రింకులు; వాటిలోని చక్కెర కూడా యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది. మంచినీళ్ళు ధారాళంగా తాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం ఎంత తాగాలో వైద్యుణ్ణి అడగాలి. స్థూలకాయులు బరువు మెల్లగా తగ్గాలి. లంఖణం పరమౌషధమన్న సామెత ఇక్కడ చెల్లదు సుమా! కటిక ఉపవాసంవల్ల యూరిక్ ఆమ్లం పెరిగి, నొప్పి తిరగబెట్టవచ్చు.

నొప్పి వచ్చిన రాత్రి కాలు దిండుమీద ఎత్తిపెట్టి, మంచుముక్కలను గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాలు అద్దితే ఉపశమనంగా వుంటుంది. మర్దన చేయరాదు. ఇసుక కాపడాలు పెట్టకపోవడమే మేలు.

అయితే పథ్యానికి ఒక హద్దు వుంది. తిండి మార్పుతో యూరిక్ ఆమ్లం కొద్దిగానే తగ్గుతుంది. నొప్పి మాటిమాటికీ వస్తున్నా, కీళ్ళవద్ద గడ్డలు కట్టినా, మూత్రపిండాల్లో రాళ్ళున్నా మందు తప్పదు. వైద్యుడిచ్చిన బిళ్ళను తమంతట తాము మానరాదు. అలక్ష్యం చేస్తే కీలు శాశ్వతంగా చెడిపోవచ్చు. ‘చెట్టుమందే గదా’ అని తిప్పతీగ కషాయం రోజూ తాగడమూ క్షేమం కాదు. దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబాయి వైద్యులు ప్రకటించారు. కీలు ఎర్రబడి, జ్వరం కూడా వస్తే అది చీముపట్టిన కీలు కావచ్చు. అప్పుడు తెల్లవారేదాకా ఆగక ఆస్పత్రికి వెళ్ళాలి.

మిగిలిన రోజులకు మజ్జిగ, మంచినీళ్ళు, సాయంకాలం నడక చాలు. ఇంటిల్లిపాదికీ పనికివచ్చే పథ్యమే ఇది. రోగికోసం వేరే గిన్నె పెట్టనక్కరలేదు.