హ్యామ్ రేడియో: మీటర్ ఓకే అంటోంది.. మరి సిగ్నల్ ఎందుకు వెళ్లట్లేదు? నేరేడ్‌మెట్ రాతి నేలలో పవర్ పోయేది ఇక్కడే!

నేరేడ్‌మెట్, సైనిక్‌పురి, మౌలాలి.. సికింద్రాబాద్‌లో ఈ వైపు చాలాచోట్ల కాస్త తవ్వితే చాలు, రాయి తగులుతుంది. బోరు వేసేవాళ్లకే కాదు, యాంటెనా నిలబెట్టే హ్యామ్ రేడియో ఆపరేటర్లకూ ఈ గ్రానైట్ నేల తలనొప్పే. సెట్ నుంచి 100 వాట్లు బయల్దేరినా అందులో సగం నేలలోనే వేడిగా మారిపోవచ్చు.

ఇది సరదాకి సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఫోన్లు మూగబోయాయి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం హ్యామ్ రేడియోతోనే సమాచారాన్ని బయటికి చేరవేసింది. అలాంటి రోజున ప్రతి వాటూ విలువైనదే.

అసలు నేలకేం పని?

నిలువు యాంటెనా అంటే సగం యాంటెనా మాత్రమే. మిగతా సగం పాత్ర నేలది. పైన తీగలో ఎంత కరెంట్ పారుతుందో, అంత కరెంట్ నేల గుండా వెనక్కి రావాలి. డెల్టాల్లోని తడి ఒండ్రు నేల ఇందుకు కాస్త సాయం చేస్తుంది. ఎండిన రాతి నేల మాత్రం అడ్డుపడుతుంది. ఆ అడ్డునే గ్రౌండ్ లాస్ అంటారు.

మీటర్ ఎలా మోసం చేస్తుంది?

పావు తరంగం పొడవున్న నిలువు యాంటెనాకు రేడియేషన్ రెసిస్టెన్స్ సుమారు 36 ఓంలు. నేల లాస్ 14 ఓంలు అనుకుందాం. మొత్తం 50. సెట్, కేబుల్ కోరుకునేదీ 50 ఓంలే కాబట్టి ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ 1 చూపిస్తుంది. చూడ్డానికి అంతా సూపర్! కానీ 100 వాట్లలో 28 నేలపాలు.

ఇప్పుడు తీగలు పరిచి లాస్‌ను 4 ఓంలకు తగ్గించామనుకోండి. మొత్తం 40. మీటర్ 1.25కి పెరుగుతుంది. ఏదో చెడిపోయిందని కంగారు పడతారు. నిజానికి ఇప్పుడే 90 వాట్లు గాల్లోకి వెళ్తున్నాయి.

ఎర్త్ పిట్ ఉంటే చాలదా?

చాలదు. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్త్ పిట్ కరెంట్ షాక్ నుంచి రక్షణకు. రేడియో తరంగాల కరెంట్ ఒక్క రాడ్ దగ్గర కాదు, యాంటెనా చుట్టూ చాలా దూరం పరుచుకుని ప్రవహిస్తుంది. అందుకే దానికి దారి చూపే తీగలు కావాలి. వాటినే రేడియల్స్ అంటారు. అలాగని ఎర్తింగ్ తీసేయకూడదు. పిడుగు, షాక్ రక్షణకు అది ఉండాల్సిందే.

ఇంట్లో ఏం చేయాలి?

* పెరడు ఉంటే: రాయి తవ్వక్కర్లేదు. ఇన్సులేషన్ ఉన్న మామూలు రాగి తీగల్ని నేలమీదే చుట్టూ పరిస్తే చాలు. 4 నుంచి 16కి పెంచితే తేడా బాగా కనిపిస్తుంది. ఆ తర్వాత లాభం నెమ్మదిస్తుంది. పొడవు కచ్చితంగా ఉండాల్సిన పనిలేదు. ఒకటి రెండు పొడవైన తీగల కన్నా ఎక్కువ పొట్టి తీగలే మేలు.
* డాబా ఉంటే: నేల నుంచి పైకి లేపిన రేడియల్స్ 2 నుంచి 4 ఉన్నా సరిపోతాయి. ఇక్కడ మాత్రం కొలత ముఖ్యం. 7.1 మెగాహెర్ట్జ్‌కు ఒక్కోటి దాదాపు 10.5 మీటర్లు, 14.2కు దాదాపు 5.3 మీటర్లు.
* జాగ్రత్త: మాట్లాడేటప్పుడు రేడియల్ చివర్లలో వోల్టేజ్ చాలా ఎక్కువగా ఉంటుంది. పిల్లలకు అందకుండా, బట్టలారేసే తీగలకు దూరంగా కట్టాలి. కరెంట్ లైన్ల దగ్గరకు అస్సలు పోవద్దు.

కారులో అయితే?

ఇక్కడ నష్టం ఇంకా ఎక్కువ. 7 మెగాహెర్ట్జ్‌లో రెండున్నర మీటర్ల కారు యాంటెనాకు రేడియేషన్ రెసిస్టెన్స్ 2 ఓంలు, కాయిల్, నేల లాస్ కలిపి 10 ఓంలు అనుకుంటే బయటికి వెళ్లేది 100కి 17 వాట్లే. ఆ లాస్ 6కి తగ్గితే 25 వాట్లు.

అందుకే మౌంట్ దగ్గర పెయింట్ గీకి బాడీ మెటల్‌కు గట్టిగా బిగించాలి. బానెట్, డిక్కీ, డోర్లు, సైలెన్సర్ పైపును వెడల్పాటి అల్లిక రాగి పట్టీలతో బాడీకి కలపాలి. కాయిల్ అడుగున కాకుండా మధ్యలో ఉంటే మంచిది. 145 మెగాహెర్ట్జ్‌కు మాత్రం ఇంత కష్టం లేదు. అరమీటర్ యాంటెనాకు కారు టాపే చాలు, మ్యాగ్నెట్ మౌంట్ కూడా పనిచేస్తుంది.

తేడా తెలిసేదెలా?

పవర్ సగమైతే అవతలి వాళ్ల ఎస్-మీటర్‌పై తగ్గేది అర పాయింట్ మాత్రమే. మామూలు రోజుల్లో అది పట్టదు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న రాత్రి, లేదా తుపాను వేళ, ఆ అర పాయింటే మాట అర్థమవడానికీ హోరులో కలిసిపోవడానికీ మధ్య తేడా. కాబట్టి రేడియల్స్ వేశాక మీ మీటర్‌ను మాత్రమే నమ్మొద్దు. అదే దూరపు స్టేషన్‌ను, దాదాపు అదే సమయంలో, కొన్ని రోజుల పాటు రిపోర్ట్ అడిగి చూడండి. ఇవన్నీ లైసెన్స్ ఉన్నవాళ్లకే. లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిట్ చేయడం నేరం.