వరాహకుంతము: దాని పునర్నిర్మాణవిధానము

ప్రాసకుంతశబ్దములను అమరసింహుఁడు పర్యాయములుగాఁ జెప్పినాఁడు. శర్వలాతోమరములను వేఱొక జంటగాఁ జేర్చినాఁడు. మన పాఠశాలలలో నీ నాలుగింటికిని "ఈటె" యనియే యర్థము చెప్పి ముందునకుఁ బోవుట పరిపాటి. పర్యాయపదముల చాటున వస్తుభేదము మఱుగుపడు ననుటకు యూరపుఖండమునందలి మధ్యయుగపు వేఁటయీటె తగిన యుదాహరణము. దానిని నేఁడు కొందఱు కమ్మరులు ప్రాచీనరీతిని మరలఁ జేయుచున్నారు. పూర్వజీవనమును గన్నులకుఁ గట్టించు ప్రదర్శనములందు అట్టివి వినియోగపడుచున్నవి. ఆ పనిలోని క్రమమును, దానివలనఁ బండితులకుఁ గలుగు ప్రయోజనమును నిందు వివరింతును.

అడవిపంది పోటు తగిలిన వెంటనే వెనుదీయదు, పొడిచినవానిపైకే యురుకును. అలుగు దేహమున దిగుచున్నను, కోల వెంబడి ముందునకు సాగి వచ్చి కోరలతో వేఁటకానిని జీల్చును. కావున అలుగునకు దిగువ, గొట్టమునకు ఇరుప్రక్కల, రెండు అడ్డుకొమ్ములు పెట్టుదురు. అవి లోనికిఁ జొరక మృగమును కోలనిడుపు దూరమున నిలిపి యుంచును. ఈ యుపాయము మధ్యయుగమునఁ గ్రొత్తగాఁ బుట్టినది కాదు. క్రీస్తునకుఁ బూర్వము 4వ శతాబ్దివాఁడగు గ్రీకు రచయిత క్సెనోఫన్ పేరఁ బరఁగు మృగయాగ్రంథమునందే గొట్టము నడుమ గట్టి కొమ్ములుండవలె ననియు, అవి లేనిచో పంది కోల వెంట మనుష్యునిదాఁక వచ్చు ననియుఁ జెప్పఁబడినది.

8, 9 శతాబ్దుల ఫ్రాంకుల యీటెలకును ఇట్టి ఱెక్కలు గలవు. కాని యవి యుద్ధమునందును వాడఁబడినవి గాన, కొమ్ములున్నంతమాత్రమున వేఁటయీటె యని నిర్ణయింపరాదు. 15వ శతాబ్ది నాఁటికి ఇనుపకొమ్ములకు మాఱుగా, కొమ్ముతోఁ గాని కొయ్యతోఁ గాని లోహముతోఁ గాని చేసిన యడ్డుకమ్మిని తోలువారుతో గొట్టమునకుఁ గట్టు పద్ధతియు వ్యాపించినది.

పునర్నిర్మాణమునకు ఆధారములు మూఁడు: గ్రంథము, చిత్రము, వస్తువు. ఫ్వా దేశప్రభువగు గాస్టన్ ఫీబస్ 1387లో నారంభించిన మృగయాగ్రంథము వీనిలో ప్రసిద్ధమైనది. దాని సచిత్రప్రతి యొకటి పారిసు జాతీయగ్రంథాలయమునఁ గలదు. లండనునందలి వాలెస్ సంగ్రహాలయమునను, న్యూయార్కునందలి మెట్రోపాలిటన్ సంగ్రహాలయమునను ఇట్టి యీటెలు భద్రపఱుపఁబడినవి. అయితే గ్రంథము గొట్టపు మందమును జెప్పదు. చిత్రము అతుకును జూపదు. వస్తువునకు అలుగు మిగిలినను కోల తఱచుగాఁ బుచ్చిపోయి తరువాతివారిచే మార్పఁబడి యుండును. ఒకదానిలోని లోపమును మఱియొకదానితోఁ బూరింపవలసి యున్నది.

ఇఁక నిర్మాణక్రమము. పూర్వపుటినుము నేఁటి కార్ఖానాలలోని యుక్కు వంటిది కాదు. ముడిరాతిని బొగ్గుకొలిమిలో ద్రవముగాఁ గరఁగింపక ముద్దగాఁ దీసి, సమ్మెటలతోఁ గొట్టి చిట్టెమును వెడలఁగొట్టెడివారు; కొంత చిట్టెము నారవలె లోపల మిగిలెడిది. అట్టి గుణము కావలసినవారు పాత గొలుసులను, కటకటాల కమ్ములను వెదకి తెచ్చుకొందురు. తక్కినవారు మెత్తని యుక్కుతోఁ దృప్తిపడుదురు.

మొదట గొట్టము. కమ్మి యొక్క కొనను ఎఱ్ఱగాఁ గాఁచి, దాగలిపై విసనకఱ్ఱవలె వెడల్పుగాఁ బలుచగాఁ జఱచి, మొన సన్నని యినుపకడ్డీ చుట్టును జుట్టుదురు. అంచులు ఒండొంటిపైఁ జేరినచోట వెలిగారమో శుద్ధమైన యిసుకయో చల్లి తెల్లకాక వచ్చుదాఁక, అనఁగా ఇంచుమించు 1300 డిగ్రీల వేఁడికిఁ గాఁచి, తేలికగను త్వరగను గొట్టినచో అతుకు కుదురును. వేఁడి తగ్గిన మలినము నడుమ నిలుచును. హెచ్చిన లోహము నిప్పురవ్వలై కాలిపోవును. పిమ్మట అలుగును సాగఁగొట్టి, నడుమ ఆకునకు ఈనెవలె వెన్ను నిలుచునట్లు ఇరుప్రక్కల పలుచఁజేయుదురు. కొమ్ములను గొట్టమునకు అతుకుట అన్నిటికంటెఁ గష్టము. గొట్టము పలుచనిది గాన లోపల కడ్డీ నుంచియే కొట్టవలెను.

తరువాతిది పదను. బొగ్గుపాలు చాలినంత గల యుక్కును, అయస్కాంత మాకర్షింపని స్థితిని మించి, అనఁగా 770 డిగ్రీలకు మీఁదుగాఁ గాఁచి నూనెలో ముంచుదురు. అంతటితో విడిచినచో అది గాజువలె విఱుగును. మరల 300 డిగ్రీల ప్రాంతమున నీలివన్నె వచ్చుదాఁక మెల్లఁగాఁ గాఁచినచో ఎముక తగిలినను తాళును. ఈ వివేకము మన శాస్త్రమునకుఁ గ్రొత్త గాదు. సుశ్రుతుఁడు శస్త్రముల పాయనను క్షారము, ఉదకము, తైలము అని మూఁడు విధములుగా విభజించి, ఏ పనికి ఏది తగునో నిర్దేశించినాఁడు. "పాయన" యనఁగా త్రాగించుట. కాఁగిన యుక్కునకు ద్రవమును ద్రాగించు క్రియను బ్రత్యక్షముగాఁ జూచినవారికే యా శబ్దములోని యౌచిత్యము తెలియును.

కోలకు యూరపులో 'ఆష్' అను చెట్టు కొయ్య ప్రశస్తము. చేయి జాఱకుండునట్లు తోలువారులను ఏటవాలుగాఁ జుట్టి మేకులు కొట్టుదురు. ప్రదర్శనములకుఁ జేసినదాని వాఁడిని మొద్దువఱచుట క్షేమము.

ఇట్టి యీటె దేనికిఁ బ్రమాణము? కొమ్ములు బరువును నిలుపునా, అతుకు వీడునా యను ప్రశ్నలకు ఇది యుత్తర మీఁగలదు. పూర్వులు ఇట్లే చేసి రని మాత్రము స్థాపింపఁజాలదు. ఇట్లు చేయుట సాధ్య మని మాత్రమే చూపును. శిథిలమైన తాళపత్రమున లుప్తమైన యక్షరములను బూరించు పరిష్కర్త, పూరణమును గుర్తుతో వేఱుపఱుచును గదా. అట్లే కమ్మరియు తాను జేసినదానిపైఁ దన ముద్రను, వత్సరమును వేయవలెను. ముద్ర లేని ప్రతికృతి నూఱేండ్లకుఁ ద్రుప్పు పట్టి ప్రాచీనవస్తువుగాఁ జెలామణి యగును. అది కవి పేరఁ జొరఁబడిన ప్రక్షిప్తపద్యముకంటె గుర్తించుటకుఁ గష్టమైనది.

మన ప్రబంధములలోని మృగయావర్ణనములను బోధించువారును ఆయుధనామము వచ్చినప్పుడు పర్యాయముతో సరిపుచ్చక, అది విసరునదియా, పట్టి పొడుచునదియా, అలుగు ఎట్టిది, కోల యెంతటిది యని విచారించుట యుచితము. ఆ విచారణకుఁ గొలిమి కడఁ గొంతసేపు నిలుచుటయుఁ దోడ్పడును.