మోగ్లీ పాట, మన సండే స్కూలు



వేట నిషేధపు రోజుల్లో జాలరిపేట ఒడ్డు సందడిగా ఉంటుంది. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు సముద్రం మీదికి వెళ్ళవు. మగవారు ఇసుక మీద వలలు పరచుకుని చిరిగిన చోట్ల కుట్టుకుంటూ ఉంటారు. మా వి.బి.యస్. కూడా ఆ రోజుల్లోనే జరుగుతుంది. గత వేసవిలో పిల్లలను పిలవడానికి ఇంటింటికీ తిరుగుతుండగా, వల కుట్టుకుంటున్న ఒకాయన ఈలపాట మా చెవిన పడింది. వయసు నలభై దాటి ఉంటుంది. ఎక్కడో విన్న రాగమే, కాని కీర్తన కాదు, సినిమా పాట కాదు. నాలుగడుగులు వేశాక మాలో ఒకరికి జ్ఞాపకం వచ్చింది. అది మోగ్లీ పాట!

ముప్పై ఏళ్ళ క్రితం ఆ పాట మీద మేము చిన్న యుద్ధమే చేశాము. ఆ యుద్ధంలో గెలిచామనే ఇన్నాళ్ళూ అనుకున్నాము. నిజంగా ఏమి జరిగిందో ఆ ఈలపాట పాడిన మనిషి చెప్పగా తెలిసింది. పిల్లలున్న తల్లిదండ్రులకు, సండే స్కూలు ఉపాధ్యాయులకు పనికి వస్తుందని ఆ సంగతి ఇక్కడ వ్రాస్తున్నాము.

ఆ పాట ఎక్కడిది?

1993లో దూరదర్శన్ ఆదివారం ఉదయం పూట ‘జంగిల్ బుక్’ అనే బొమ్మల సీరియల్ వేసేది. తోడేళ్ళు పెంచిన మోగ్లీ అనే పిల్లవాడు, అతనికి బుద్ధులు నేర్పే బాలూ ఎలుగుబంటి, కాపలా కాసే బఘీరా చిరుత, వెంటాడే షేర్‌ఖాన్ పులి ఆ కథలోని వారు. అది జపాన్ దేశంలో తయారైందని ఆనాడు మాకు తెలియదు. నిప్పన్ యానిమేషన్ అనే సంస్థ 1989-90లో 52 భాగాలుగా దానిని తీసింది. కథ వ్రాసిన రడ్యార్డ్ కిప్లింగ్ మాత్రం 1865లో మన బొంబాయిలో పుట్టిన ఆంగ్లేయుడు. 1894లో వెలువడిన ఆయన పుస్తకంలోని అడవి మధ్యప్రదేశ్‌లోని సియోనీ ప్రాంతానిది. అంటే మన దేశపు అడవి కథ ఇంగ్లీషు పుస్తకమై, జపాన్ బొమ్మయై, తిరిగి మన ఇంటికే వచ్చిందన్నమాట.

దూరదర్శన్ కోసం దానికి హిందీలో కొత్త పాట కట్టారు. వ్రాసినవారు గుల్జార్, బాణీ కట్టినవారు విశాల్ భరద్వాజ్. మా పేట పిల్లలకు హిందీ ఒక్క ముక్క రాదు. అయినా నాలుగు వారాలు తిరిగేసరికి పాట మొత్తం వాళ్ళ నోట ఆడింది. తెప్పల మీద ఎక్కి పాడేవారు. ఎండు చేపలకు కాకులు రాకుండా కాపలా కాస్తూ పాడేవారు. అర్థం అడిగితే నవ్వేవారు.

మేము చేసిన పని

మా సండే స్కూలు ఉదయం తొమ్మిది గంటలకు. ఆ సీరియల్ కూడా ఇంచుమించు ఆ వేళకే. అప్పట్లో పేటలో టీవీ ఉన్న ఇళ్ళు బహు తక్కువ. అందులో ఒక ఇంటి కిటికీ దగ్గర పిల్లలు గుంపుగా నిలబడేవారు. పెద్దవాళ్ళ భుజాల మీద చిన్నవాళ్ళు ఎక్కేవారు. మా గుడిలోనేమో సగం చాపలు ఖాళీ.

అంతకు కొన్ని సంవత్సరాల ముందు 1987లో రామాయణం, ఆ తరువాత మహాభారతం సీరియళ్ళు కూడా ఆదివారం ఉదయమే వచ్చాయి. అప్పుడు పెద్దలే తగ్గారు, ఇప్పుడు పిల్లలు కూడా పోతున్నారని మాకు భయం పట్టుకుంది. ఆ భయం కొద్ది రోజుల్లోనే కోపమైంది. టీవీ అపవాది పెట్టె అని బోధించాము. మోగ్లీ పాట పాడినవారికి క్రిస్మసు నాటకంలో వేషం ఇవ్వబోమని చెప్పాము.

ఒక ఆదివారం మేమే ఆ కిటికీ దగ్గరకు వెళ్ళాము. మమ్మల్ని చూసి పిల్లలందరూ చెల్లాచెదురుగా పరుగెత్తారు. పదేళ్ళ కుర్రాడొకడు మాత్రం దొరికాడు. చెయ్యి పట్టుకుని గుడికి తీసుకొచ్చి, ఆరాధన అయ్యే వరకు అందరి ముందు నిలబెట్టాము. వాడు తల వంచుకుని నిలబడ్డాడే గాని ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళ అమ్మ చేపల గంప దించి గుడికి వచ్చిన మనిషి. వెనుక వరుసలో కూర్చుని అంతా చూసింది.

తరువాతి ఆదివారం పిల్లల హాజరు పెరిగింది. మేము సంతోషించాము. ఆ కుర్రాడు మాత్రం మళ్ళీ రాలేదు. కొద్ది నెలలకు వాళ్ళ అమ్మ కూడా మానేసింది. ఎందుకని మేము వెళ్ళి అడగలేదు.

అవే కళ్ళు

రెండేళ్ళ తరువాత వి.బి.యస్.కు వచ్చిన ఒక అతిథి, వీడియో క్యాసెట్టు తెచ్చి పిల్లలకు వేసి చూపించారు. దాని పేరు ‘ఫ్లయింగ్ హౌస్’. తుఫానులో ఒక వింత ఇంట్లో తలదాచుకున్న ముగ్గురు పిల్లలు, ఆ ఇల్లు ఎగిరిపోగా యేసుప్రభువు కాలానికి వెళ్ళి పడతారు. అక్కడ జరిగేవి కళ్ళారా చూస్తారు. మేము పక్కన నిలబడి ఇంగ్లీషు మాటలకు తెలుగు చెబుతున్నాము. ఇంతలో ఒక గుంటడు లేచి, “మాస్టారండీ, ఈల కల్లు మోగ్లీ కల్లలాగే ఉన్నాయండి!” అన్నాడు. పిల్లలందరూ గొల్లుమన్నారు. నోరు మూసుకోమని గద్దించాము.

ఆ గుంటడే సరిగ్గా చూశాడని చాలాకాలానికి తెలిసింది. ఫ్లయింగ్ హౌస్ కూడా జపాన్ వారి చేతిపనే. 1981లో అమెరికాలోని సి.బి.ఎన్. అనే క్రైస్తవ ప్రసార సంస్థ, టోక్యోలోని తత్సునోకో అనే బొమ్మల సంస్థ కలిసి బైబిలు కథలతో ‘సూపర్ బుక్’ తీశాయి. 1982-83లో 52 భాగాల ఫ్లయింగ్ హౌస్ వచ్చింది. అవి ముందుగా జపాన్ టెలివిజన్‌లో, ఆ దేశపు పిల్లల కోసం వచ్చిన తరువాతనే ఇతర దేశాలకు వెళ్ళాయి.

ఆ పెద్ద పెద్ద కళ్ళ బొమ్మలకు జపాన్‌లో పేరు తెచ్చినవారు ఒసాము తెజుకా (1928-1989). 1963లో ఆయన ‘ఆస్ట్రో బాయ్’ టీవీకి ఎక్కినప్పటి నుండి ఆ కళ్ళు అందరికీ అలవాటయ్యాయి. ఆయన చివరి రోజుల్లో చేపట్టిన పనుల్లో ఒకటి పాత నిబంధన కథల బొమ్మల సీరియల్. ఇటలీ టెలివిజన్ సంస్థతో కలిసి మొదలుపెట్టి, అది పూర్తికాక ముందే ఆయన కన్నుమూశారు. మిగిలినవారు పూర్తిచేయగా 1997లో జపాన్ పిల్లలు చూశారు. క్రైస్తవులు నూటికి ఒకరు మాత్రమే ఉన్న దేశం అది. అక్కడి చేతులు గీసిన బొమ్మలతో మన పేట పిల్లలు సువార్త కథలు చూశారు. ప్రభువు ఎవరి చేతినైనా వాడుకొనగలరు.

మన వంటి ఒడ్డు మీదే పుట్టిన మరొక బొమ్మల కథ సంగతి కూడా చెప్పాలి. 1946లో, యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, మచికో హసెగావా అనే యువతి ఫుకువోకా పట్టణపు సముద్రపు ఒడ్డున నడుస్తూ ఒక కుటుంబాన్ని ఊహించుకుంది. ఇంటిల్లిపాదికీ సముద్రపు పేర్లే పెట్టింది. అమ్మాయి సజాయె అంటే సముద్రపు నత్త. తమ్ముడు కత్సువో అంటే ట్యూనా జాతి చేప. చెల్లెలు వకామె అంటే తినే నాచు. తల్లి ఫునె అంటే పడవ! హసెగావా తల్లి భక్తిగల క్రైస్తవురాలు. పత్రికలో మొదలైన ఆ కథ 1969 అక్టోబరు నుండి ఆదివారం సాయంత్రం టీవీలో వస్తోంది. అన్ని దేశాల బొమ్మల సీరియళ్ళలోనూ అతి ఎక్కువ కాలం నడిచినదిగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఆ పాట మొదలైతే ఆదివారం గడిచిపోయిందని, తెల్లవారితే బడి అని అక్కడి పిల్లలు దిగులు పడతారట. తాతలు, తల్లిదండ్రులు, పిల్లలు కలిసి చూసే కథ అది.

పాట ముందు నడుస్తుంది

పిల్లలకు అర్థం కంటే ముందు పాట అందుతుంది. మోగ్లీ పాటను తప్పుపట్టిన మేము ఈ సంగతి మరచిపోయాము. మన పెద్దలు దానిని మరువలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజస్‌లు తెలుగు నేర్చుకుని, సువార్తలను తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నారు. ఆ తరువాత పురుషోత్తము చౌదరిగారు (1803-1890) మన రాగాలలో, మన తాళాలలో కీర్తనలు కట్టారు. చదువురాని తల్లులు ఆ కీర్తనలు పాడుతూనే వాక్యం నేర్చుకున్నారు.

మేము మోగ్లీ పాట మానమన్నామే గాని, దాని బదులు పిల్లలు తెప్ప మీద పాడుకోదగిన పాట ఒక్కటి నేర్పలేదు. సండే స్కూలు వేళ మార్చుకోవచ్చునని కూడా మాకు తోచలేదు.

వల దగ్గర విన్న మాట

గత వేసవిలో ఈలపాట పాడిన ఆయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. “బాగున్నారా మాస్టారూ?” అన్నాడు. మేము గుర్తుపట్టలేదు. ఊరు విడిచి చాలా ఏళ్ళయిందని, గుజరాత్‌లోని వెరావల్‌లో బోట్ల మీద పనిచేస్తున్నానని, వేట లేదు గనుక ఇంటికి వచ్చానని చెప్పాడు. పక్కన ఆయన కూతురు, ఆరేడేళ్ళ పాప, సెల్‌ఫోనులో డోరేమాన్ చూస్తోంది.

“ఆ ఈల మోగ్లీ పాటే కదా?” అని అడిగాము. నవ్వాడు. “అదేనండి. ఆ పాట వల్లే కదండీ మీరు నన్ను నిలబెట్టారు” అన్నాడు.

అప్పుడు గుర్తుపట్టాము. ఏమనాలో తోచక, “చిన్నతనంలో అందరూ టీవీకి పరుగెత్తేవారే” అన్నాము. ఆయన వల మీద చెయ్యి ఆపాడు.

“నాను ఆరోజు టీవీ సూడ్డానికి ఎల్లనేదు మాస్టారూ. మా సెల్లి ఆడుంటే సండే స్కూలుకి తీసుకొద్దారని ఎల్లాను. అది పారిపోనాది. నాను దొరికాను.”

“మరి ఆనాడే ఎందుకు చెప్పలేదు బాబూ?”

“మీరు అడగనేదు కదండి.”

ఆ మాటలో కోపం లేదు. అయినా ఆ రోజు మరొక ఇంటికి వెళ్ళడానికి మాకు కాళ్ళు రాలేదు. మత్తయి సువార్త 19వ అధ్యాయము మేము ఎన్నిసార్లు బోధించామో! చిన్నపిల్లలను ప్రభువు దగ్గరకు తెచ్చినవారిని శిష్యులు గద్దించారని, ప్రభువు మాత్రం ఆ పిల్లలను దగ్గరకు చేర్చుకున్నారని చెప్పేవాళ్ళము. ఆ ఆదివారం చెల్లెలిని తీసుకురాబోయినవాడు ఆ కుర్రాడు. గద్దించిన శిష్యులము మేము. సంగతి వినకముందే తీర్పు చెప్పడం మూఢత్వమని సామెతల గ్రంథము 18వ అధ్యాయము హెచ్చరిస్తోంది. మేము వినలేదు సరికదా, అడగనైనా లేదు.

అక్కడే, వల మీద నిలబడి, మమ్మల్ని క్షమించమని అడిగాము. “పోనీండి మాస్టారూ, పెద్దోలు మీరు” అన్నాడు. వాళ్ళ అమ్మను కూడా క్షమాపణ అడుగుతామన్నాము. ఆమె చనిపోయి నాలుగేళ్ళయిందట. ఆ అప్పు ఇక మేము తీర్చలేము.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడవలసిన పనిలేదు. పోకిమాన్, డోరేమాన్, షిన్‌చాన్ అరచేతిలోకే వచ్చాయి. అన్నీ మంచివని మేము చెప్పడం లేదు. పెద్దలను ఎగతాళి చేయడం, మంత్రతంత్రాలు, అదే పనిగా కొట్లాటలు కొన్నిటిలో ఉన్నాయి. బైబిలు కథల బొమ్మల్లో కూడా వాక్యంలో లేని మరబొమ్మలూ, కల్పనలూ ఉంటాయి. ఏది వాక్యము, ఏది కల్పన అన్నది ఇంట్లో బైబిలు తెరచి చూపించాలి.

ముందుగా పిల్లల పక్కన కూర్చోండి. వాళ్ళు చూసేది ఒకసారి మీరూ చూడండి. ఎవరంటే ఇష్టమో, ఎందుకు ఇష్టమో అడగండి. వద్దని చెప్పవలసినది ఉంటే కారణం చెప్పండి. వద్దన్నదాని చోట ఒక పాటో, కథో, ఆటో ఇవ్వండి. నలుగురిలో నిలబెట్టి సిగ్గుపరచకండి. ఆ సిగ్గు పిల్లవాడు ఎన్నాళ్ళు మోస్తాడో మనకు తెలియదు.

మా సండే స్కూలు ఇప్పుడు ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు జరుగుతోంది. పేట పిల్లలు పాడుకొనే బాణీలలోనే వాక్యపు పాటలు నేర్పుతున్నాము. ఎవరైనా రాకపోతే, మందలించకముందు వాళ్ళ ఇంటికి వెళ్ళి “ఏమైంది?” అని అడుగుతున్నాము.

వేట నిషేధం ముగియడానికి ముందు వచ్చిన ఆదివారం, ఆయన పాపను తీసుకొచ్చి గుమ్మం దగ్గర వదిలాడు. లోపలికి రమ్మన్నాము. “మరోసారి వత్తాను లెండి” అని బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. పాప పాట నేర్చుకున్నంతసేపూ అక్కడే ఉన్నాడు. ఆ తరువాత మళ్ళీ వెరావల్ వెళ్ళిపోయాడు.

ఆయన గుమ్మం దాటి లోపలికి వచ్చే దినము కొరకు మేము ప్రార్థిస్తున్నాము. మా తొందరపాటు వలన గుమ్మం బయట మిగిలిపోయినవారందరి కొరకు మీరును ప్రార్థించండి.