బహిరంగ శిల్పాల స్టెయిన్‌లెస్ స్టీలు ఆధారాలు

ఆరుబయట నెలకొల్పిన శిల్పం బరువును, దానిపై వీచే గాలి తాకిడిని పునాదికి చేర్చే కమ్మీలు, గొట్టాలు, పలకల అమరికను శిల్పపు ఆధారం అంటారు. ఇది చాలావరకు శిల్పం లోపల గానీ, పీఠం లోపల గానీ దాగి ఉంటుంది. అందువలన పైరూపు చెక్కుచెదరకుండా ఉన్నప్పటికీ లోపలి ఆధారం బలహీనపడి, సందర్శకులకు ప్రమాదకరంగా మారవచ్చును. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదన్న నమ్మకం పాక్షికంగానే నిజం.

ఆధారంపై పనిచేసే బలాలు

శిల్పం బరువు స్థిరమైనది. గాలి బలం మారుతూ ఉంటుంది. గాలి పీడనం దాని వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే వేగం రెండింతలైతే పీడనం నాలుగింతలవుతుంది. నిలువుగా నిలిచిన శిల్పాన్ని వంచే ప్రభావం పాదం వద్ద గరిష్ఠంగా ఉంటుంది. పీఠంతో కలిపే వెల్డింగు అతుకు కూడా తరచుగా అక్కడే ఉంటుంది. శిల్పం గాలికి పదేపదే ఊగితే, ఒక్కసారి కలిగే వంపును సులభంగా తట్టుకోగల అతుకు సైతం కాలక్రమాన బీటలు వారుతుంది. దీనిని లోహపు అలసట అంటారు.

వెల్డింగు ప్రభావం

స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలంపై పలుచని ఆక్సైడు పొరగా ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. వెల్డింగు సమయంలో అతుకు పక్క భాగం సుమారు 450 - 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కువసేపు ఉంటే, ఉక్కులోని కార్బన్ క్రోమియంతో కలిసి లోహపు రేణువుల అంచులలో కార్బైడుగా పేరుకుంటుంది. ఆ అంచుల వెంబడి క్రోమియం తగ్గి, తుప్పుకు దారి ఏర్పడుతుంది. దీనిని నివారించడానికి కార్బన్ 0.03 శాతానికి మించని 304ఎల్, 316ఎల్ రకాలను వాడతారు. 316ఎల్‌లో 2 - 3 శాతం మాలిబ్డినం కూడా ఉన్నందున అది సముద్రతీరపు ఉప్పుగాలిని మెరుగ్గా తట్టుకుంటుంది.

ఉదాహరణ: స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ

న్యూయార్క్ రేవులో 1886లో ఆవిష్కరించిన ఈ విగ్రహాన్ని బార్తోల్డి రూపొందించగా, లోపలి ఇనుప నిర్మాణాన్ని ఐఫెల్ రూపకల్పన చేశాడు. సుమారు 2.4 మిల్లీమీటర్ల మందం గల రాగి రేకును ఇనుప కమ్మీలు లోపలి నుండి పట్టి ఉంచేవి. రెండు లోహాల మధ్య ఉంచిన లక్క పూసిన ఆస్‌బెస్టాస్ పొర క్రమంగా పాడయింది. ఉప్పు తేమ చేరడంతో రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య జరిగి ఇనుము తుప్పు పట్టింది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కమ్మీలు ఉబ్బి, వాటిని పట్టి ఉంచిన రాగి పట్టీల రివెట్లను ఊడబెరికాయి.

1984 - 86 మరమ్మతులలో ఈ కమ్మీలను తొలగించి 316ఎల్ కమ్మీలను అమర్చారు. రాగికి, ఉక్కుకు మధ్య టెఫ్లాన్ ఉంచారు. కమ్మీలను రాగి రేకుకు వెల్డింగు చేయలేదు. ఎండకు లోహాలు వ్యాకోచించినపుడు కదలడానికి వీలుగా రాగి పట్టీలతో బిగించారు.

తనిఖీ, జాగ్రత్తలు

* వెల్డింగు తరువాత మిగిలే నీలి, గోధుమ రంగు పొరను ఆమ్లపు లేపనంతో తొలగించాలి.
* గొట్టాలలో నీరు నిలువకుండా అడుగున రంధ్రాలుండాలి.
* స్టెయిన్‌లెస్ స్టీలు భాగాలకు మామూలు ఉక్కు బోల్టులు వాడరాదు. తడిలో అవి త్వరగా తినివేయబడతాయి.
* 304ఎల్, 316ఎల్ రకాలు దాదాపు అయస్కాంత రహితమైనవి. అందువలన అతుకుల పైభాగపు బీటలను కనుగొనడానికి అయస్కాంత పరీక్షకు బదులుగా రంగుద్రవ పరీక్ష చేస్తారు.
* లోపలి అతుకులను చూడడానికి వీలుగా పీఠంలో తలుపు ఉంచాలి. చూడ వీలులేని అతుకు సురక్షితమని చెప్పలేము.

ఇవి కూడా చూడండి

* తుప్పు
* వెల్డింగు
* స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ