పెరటి పండులోనే విందు పలహారం
పూర్ణం కూరితే అరటి, జామ, పనస తొనలు అతిథులకు చిరుతిండ్లు

రావులపాలెం: ఇంట్లో శుభకార్యం తలపెట్టిన వారికి భోజనాల లెక్క కంటే ముందు వచ్చే లెక్క ఒకటుంది. విడిదికి దిగిన వియ్యాలవారికి, సాయంత్రం పేరంటానికి వచ్చిన ముత్తయిదువలకు, బారసాలకో పుట్టినరోజుకో చేరిన పిల్లలకు భోజనానికి ముందు చేతిలో ఏం పెట్టాలన్నదే ఆ లెక్క. ఒకప్పుడు దీనికి ఇంట్లో వండిన కారప్పూస, నాలుగు మినపసున్ని ఉండలు, ఒక అరటిపండు సరిపోయేవి. ఇప్పుడు పట్నం బేకరీ నుంచి కేకు ముక్కలు, పఫ్‌లు తెప్పించడం పల్లెల్లోనూ మర్యాదగా మారింది. కలిగిన వారికి ఫరవాలేదు గాని, కూలికి వెళ్లే కుటుంబాలు కూడా నలుగురిలో చిన్నతనమని ఈ పద్దు కింద అప్పు చేయడమే విచారకరం.

అదే రోజున పెరట్లో జామపండ్లు రాలి కుళ్లిపోతుంటాయి. ధర రాక కొట్టని అరటి గెల చెట్టునే పండిపోతుంటుంది. ఈ పండ్లలోనే తీపి పూర్ణమో, కారపు పొడో కూరి పళ్లెంలో సర్దితే అతిథులకు పెట్టదగిన పలహారం తయారవుతుంది. దీనికి పొయ్యి దగ్గర గంటల తరబడి నిలబడనక్కరలేదు. వంటవాడిని పిలవనక్కరలేదు. అయితే పండు ఎంపికలో, పూర్ణం తయారీలో, వడ్డించే వేళలో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

కూరడం మనకు కొత్త కాదు

గుత్తి వంకాయ, కూరిన కాకరకాయ, వాము పొడి పెట్టిన మిరపకాయ బజ్జీ తెలియని ఇల్లు లేదు. తీపిలో బొబ్బట్లు, కజ్జికాయలు ఉండనే ఉన్నాయి. ఆత్రేయపురం మహిళలు బియ్యపు రేకులో బెల్లం, నెయ్యి మడిచి చుట్టే పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించడం తెలిసిందే. కాయలో, పిండిలో, రేకులో కూరే చేయి పండులోనూ కూరవచ్చు. కేరళలోని మలబారు ప్రాంతంలో, ముఖ్యంగా ముస్లిం కుటుంబాల్లో, పండిన నేంద్రం అరటిని నిలువునా చీల్చి కొబ్బరి, పంచదార, జీడిపప్పు, కిస్‌మిస్ కూరి వేయించి అతిథులకు పెడతారు. అక్కడ దీనిని పళం నిరచ్చదు అంటారు. ‘పండు నింపినది’ అని దాని అర్థం. రావులపాలెం మార్కెట్టులో అరటికి, అంబాజీపేటలో కొబ్బరికి కొదవ లేని కోనసీమలో ఈ వంటకానికి కావలసిన సరుకంతా గుమ్మం ముందే ఉంది.

అరటిపండులో కొబ్బరి పూర్ణం

బాగా మగ్గిన పండు దీనికి పనికిరాదు. పసుపు తిరిగి, కొనల దగ్గర ఇంకా ఆకుపచ్చ ఉన్న గట్టి పండును ఎంచుకోవాలి. పది పండ్లకు ఒక కొబ్బరికాయ, 150 గ్రాముల బెల్లం, నాలుగు యాలకులు, కొద్దిగా జీడిపప్పు పలుకులు చాలు. కొబ్బరి కోరు, బెల్లం కలిపి సన్నని సెగపై తడి ఇగిరి ముద్ద కట్టే వరకు ఉడికించి, యాలకుల పొడి, జీడిపప్పు కలిపి చల్లార్చాలి. పండు తొక్క తీసి, రెండు కొనలూ తెగకుండా నడుమ నిలువునా గాటు పెట్టి పూర్ణం కూరాలి. గాటుపై బియ్యప్పిండి జారుగా కలిపి పూస్తే పూర్ణం బయటకు రాదు. పెనంపై రెండు చెంచాల నెయ్యి వేసి, అన్ని వైపులా ఎర్రబడేలా తిప్పుతూ వేయించి, చల్లారాక మూడేసి ముక్కలుగా కోయాలి. వేడిగా ఉన్నప్పుడే కోస్తే ముక్క విరిగి పూర్ణం రాలిపోతుంది.

పనస తొనకు గిన్నె అక్కరలేదు

వేసవి పెళ్లిళ్ల నాటికి పనసపండ్లు పక్వానికి వస్తాయి. తొనలోంచి పిక్క తీయగానే కూరడానికి వీలుగా ఖాళీ దానంతట అదే ఏర్పడుతుంది. పావు కిలో నువ్వులు దోరగా వేయించి, 150 గ్రాముల బెల్లంతో దంచి, చిటికెడు యాలకుల పొడి కలిపితే దాదాపు 40 తొనలకు సరిపోతుంది. పండు కోసేటప్పుడు కత్తికీ, చేతులకూ నూనె రాసుకుంటే జిగురు అంటదు. పిక్కలను పారవేయకుండా ఉప్పు నీటిలో ఉడికించి, పైపొర తీసి, మిరియాల పొడి చల్లితే పక్కన కారపు పలహారం కూడా సిద్ధమవుతుంది.

జామలో పల్లీ కారం

తీపి తినలేని వారికి ఇది మేలు. దోరజామను రెండు చెక్కలుగా కోసి, గింజల గుజ్జును చెంచాతో తీసివేయాలి. పది కాయలకు పావు కిలో వేరుశనగ గుళ్లు వేయించి, పొట్టు తీసి, ఉప్పు, కారం, జీలకర్రతో బరకగా దంచాలి. వడ్డించే ముందు ఆ పొడిలో రెండు నిమ్మ చెక్కలు పిండి, కొత్తిమీర తరిగి కలిపి జామ చెక్కల్లో నింపాలి. తీసిన గుజ్జును పలుచని గుడ్డలో వడకట్టి పంచదార, నీళ్లు కలిపితే పిల్లలకు పానకంలా ఇవ్వవచ్చు.

జామ దొరకని రోజుల్లో గట్టి టమాటా వాడవచ్చు. చెక్కలు కోసి, లోపలి గింజలు తీసి, ఉప్పు రాసి పది నిమిషాలు బోర్లించి ఉంచాలి. ఉప్పు లోపలి నీటిని లాగేస్తుంది. ఆ నీరు కారిపోయాక వేయించిన అటుకులు, ఉల్లిపాయ ముక్కలు, పల్లీలు, నిమ్మరసం కలిపి నింపాలి. బజ్జీల బండి దగ్గర టమాటా బజ్జీని చీల్చి ఉల్లిపాయ, మిక్చరు పెట్టి ఇచ్చే రుచే ఇది, నూనె మాత్రం ఉండదు.

ఖర్జూరం ముందు రోజే

పని వత్తిడి ఉన్న ఇంటికి ఖర్జూరం నిజంగా ఆసరా. ఇందులో తడి తక్కువ కనుక ముందు రోజే చేసి మూత పెట్టి ఉంచవచ్చు. ఒక పక్క చీల్చి గింజ తీసి, నేతిలో వేయించిన జీడిపప్పు పలుకు పెట్టి మూసి, ఎండుకొబ్బరి పొడిలో దొర్లించాలి. ఒక్క సంగతి మరువరాదు. ప్రతి పండునూ చీల్చి లోపల చూడాలి. పైకి బాగున్న పండులోనూ పురుగు గాని, నల్లని బూజు గాని ఉండవచ్చు. అటువంటి దానిని పారవేయాలే తప్ప కడిగి వాడరాదు.

తడి, వేళ - ఈ రెండే కీలకం

పండులో కూరిన పలహారం పాడయ్యేది రెండు కారణాల వల్ల. మొదటిది తడి. పచ్చి కొబ్బరి త్వరగా పులిసిపోతుంది, అందుకే దానిని తడి ఇగిరేదాకా ఉడికించాలి. ఉప్పు తగిలిన పండు నీరు వదులుతుంది, అందుకే కారపు పొడిని చివరి నిమిషంలో నింపాలి. అటుకులు, మరమరాలు ముందుగా పెడితే మెత్తబడి తినబుద్ధి కాదు.

రెండవది వేళ. తొక్కతో ఉన్న పండు రోజుల తరబడి నిలుస్తుంది గాని, కోసిన పండు నిలవదు. కోసిన పండును మామూలు వేడిలో రెండు గంటలకు మించి, మండుటెండల్లో గంటకు మించి బయట ఉంచరాదు. ఉదయం కోసి సాయంత్రం పేరంటానికి పెట్టడం ప్రమాదకరం. వేడుకల్లో తిన్న తిండికి పిల్లలు వాంతులు, విరేచనాలతో మంచమెక్కితే చేసిన మర్యాద కాస్తా మాట పడటంతో ముగుస్తుంది.

పండ్లను కోయకముందే మంచినీటి ధార కింద కడగాలి. తొక్క మీది మురికిని కత్తే లోపలికి తీసుకుపోతుంది. చేపలు, మాంసం కోసిన కత్తిపీటను పండ్లకు వాడరాదు. పళ్లెంపై పలుచని గుడ్డ కప్పితే ఈగలు వాలవు.

రంగు చూసి మోసపోవద్దు

పండు బజారులో కొనవలసి వస్తే మరో జాగ్రత్త కావాలి. కాల్షియం కార్బైడుతో పండ్లను మగ్గబెట్టడం నిషిద్ధం. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దీనిని స్పష్టంగా నిషేధించాయి. కార్బైడుకు తడి తగిలితే ఎసిటిలీన్ వాయువు వెలువడి పండుకు రంగు తెస్తుంది. అందులో ఆర్సెనిక్, భాస్వరం వంటి విషపదార్థాల జాడలు ఉండటం వల్ల అది ఆరోగ్యానికి హానికరం. కేవలం తొక్క రంగును బట్టి దీనిని తేల్చలేము. నమ్మకమైన చోట కొనడం, వీలుంటే వేడుకకు నాలుగైదు రోజుల ముందే పచ్చి గెల తెచ్చి ఇంట్లోనే మగ్గవేసుకోవడం ఉత్తమం. గెలను గోనెసంచితో కప్పి, పక్కన రెండు మూడు పండిన పండ్లు ఉంచితే, వాటి నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు మిగిలిన కాయలనూ పండిస్తుంది.

ఎవరికి ఏది పెట్టాలి

బెల్లం వేసినది కనుక మధుమేహం ఉన్నవారికి ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. బెల్లమైనా, పంచదారైనా, ఖర్జూరమైనా రక్తంలో చక్కెరను పెంచుతాయి. అటువంటి పెద్దలకు జామ చెక్క గాని, టమాటా గాని అందిస్తే వారూ పంక్తిలో వెలితి లేకుండా కూర్చుంటారు. అయిదేళ్ల లోపు పిల్లలకు నిండు జీడిపప్పు, వేరుశనగ గుళ్లు గొంతుకు అడ్డం పడవచ్చు. వారికి పెట్టే వాటిలో పప్పులను మెత్తగా పొడి చేసి కలపాలి. వేరుశనగ పడనివారు ఉన్నారేమో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

యాభై మందికి లెక్క

మనిషికి ఒక అరటి ముక్క, ఒక ఖర్జూరం, ఒక జామ చెక్క చొప్పున 50 మందికి పెట్టాలంటే 18 అరటిపండ్లు, 2 కొబ్బరికాయలు, 300 గ్రాముల బెల్లం, ముప్పావు కిలో ఖర్జూరం, 30 జామకాయలు, ముప్పావు కిలో వేరుశనగ గుళ్లు ఉంటే చాలు. నెయ్యి, జీడిపప్పు, ఎండుకొబ్బరి, నిమ్మకాయలు అదనం. పెరట్లో జామ, చేలో అరటి, గట్టున కొబ్బరి ఉన్న ఇంటికి కొనవలసింది ఖర్జూరం, పప్పులు, నెయ్యి, బెల్లం మాత్రమే.

పనిని మూడుగా విడగొడితే తేలిక. ఖర్జూరం, పల్లీ పొడి ముందు రోజు రాత్రి చేసి పెట్టుకోవాలి. కొబ్బరి పూర్ణం వేడుక నాటి మధ్యాహ్నం ఉడికించాలి. అరటి వేయించడం, జామ కోసి నింపడం అతిథులు వచ్చే గంట ముందు మొదలుపెట్టాలి. ముగ్గురు ఆడవారు చేయి కలిపితే ఆ గంటలో పని పూర్తవుతుంది. మగవారు జామకాయలు కడిగి కోసి ఇస్తే ఇంకా త్వరగా ముగుస్తుంది. ఆ పని చేసినంత మాత్రాన పెళ్లివారిలో ఎవరి గౌరవానికీ లోటు రాదు.

మిగిలిపోయిన అరటి ముక్కలను, జామ చెక్కలను మర్నాటికి దాచరాదు. పంక్తి లేవగానే ఇరుగుపొరుగు పిల్లలకు పంచివేయాలి. ఖర్జూరం మాత్రం డబ్బాలో పెట్టి, ప్రయాణమై వెళ్లే చుట్టాల చేతికి పొట్లం కట్టి ఇవ్వవచ్చు.