దుబాసీ తడబడితే: కంప్యూటర్లను కూల్చే యు.ఎస్.బి. అడాప్టర్లు

ప్రవాస తెలుగు కుటుంబాలలో బంగారం తరువాత అంతటి భద్రంగా బీరువాలో దాచుకొనే వస్తువు ఏదైనా ఉన్నదంటే అది పాత హార్డ్ డిస్కు. పెళ్లి వీడియో, పిల్లల అన్నప్రాశన ఫోటోలు, కీర్తిశేషులైన తాతగారి కంఠస్వరం – ఇవన్నీ అరచేతిలో ఇమిడే ఆ పెట్టెలోనే ఉంటాయి. బహ్రెయిన్‌లోని జిదాఫ్స్ వంటి చోట్ల అద్దె ఇల్లు మారినా, ఉద్యోగం ముగిసి మరొక దేశానికి తరలినా, సామానులో సగం వదిలివేస్తారు గాని ఈ డిస్కును మాత్రం చేతిసంచిలో పెట్టుకొనే బయలుదేరుతారు.

పాత లాప్‌టాప్ మూలపడినప్పుడు అందులోని డిస్కును బయటకు తీసి, కొద్దిపాటి దీనార్లకు దొరికే యు.ఎస్.బి. అడాప్టరు ద్వారా కొత్త కంప్యూటరుకు తగిలించడం నేడు సర్వసాధారణం. చాలాసార్లు ఈ పని నిరాటంకంగా సాగుతుంది. కొన్నిసార్లు మాత్రం డిస్కు తగిలించిన క్షణంలోనో, ఫోటోలు సగం నకలైన తరువాతనో కంప్యూటరు స్తంభించిపోతుంది. విండోస్‌లో అయితే తెర నీలమై, ఏవో సంకేతాలు చూపి, యంత్రం తనంతట తానే తిరిగి మొదలవుతుంది. 2025లో వచ్చిన మార్పుతో విండోస్ 11లో ఈ నీలి తెర నల్ల తెరగా మారింది గాని దాని అర్థం మారలేదు.

ఇటువంటి సమయంలో ఇంటిల్లిపాదీ చేసే తీర్మానాలు రెండే: కంప్యూటరు పాడైంది, లేదా డిస్కు పాడైంది. ఆ రెంటి నడుమ నున్న అడాప్టరును ఎవరూ అనుమానించరు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. తొందరపాటుతో చేసిన తీర్మానం వలన మంచి డిస్కును ఫార్మాట్ చేసి, ఇరవై ఏళ్ల జ్ఞాపకాలను చేజేతులా పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది. కావున ఈ మధ్యవర్తి స్వభావాన్ని తెలుసుకొనడం ప్రతి కుటుంబానికీ అవసరం.

కొంత చరిత్ర

యు.ఎస్.బి. తొలి ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది. ప్రింటరుకు ఒక రకం, మౌసుకు ఒక రకం, మోడెముకు మరొక రకం తీగలు అవసరమయ్యే గందరగోళాన్ని తొలగించి, అన్నింటికీ ఒకే ద్వారం ఏర్పరచడం దాని ఆశయం. ఇంటెల్ సంస్థలో ఈ కృషికి సారథ్యం వహించిన అజయ్ భట్ బరోడాలో చదువుకొన్న భారతీయ ఇంజనీరు కావడం మనకు గర్వకారణం.

1998 ఏప్రిల్‌లో షికాగో నగరంలో జరిగిన కామ్‌డెక్స్ ప్రదర్శనలో, బిల్ గేట్స్ సమక్షంలో, అప్పటికింకా విడుదల కాని విండోస్ 98 సామర్థ్యాన్ని చూపడానికి ఒక స్కానరును యు.ఎస్.బి. ద్వారా తగిలించారు. వెంటనే వేదికపై నీలి తెర ప్రత్యక్షమైంది. సభ నవ్వులతో మారుమ్రోగింది. బయట తగిలించిన పరికరం లోపలి వ్యవస్థనంతటినీ కూల్చగలదని అందరూ కళ్లారా చూశారు. సెకనుకు 12 మెగాబిట్లుగా ఉన్న యు.ఎస్.బి. గరిష్ఠ వేగం 2000లో 480 మెగాబిట్లకు, 2008లో 5 గిగాబిట్లకు, అనగా నాలుగు వందల రెట్లకు పైగా పెరిగింది. వేగంతోపాటు తడబాటుకు అవకాశాలు కూడా పెరిగాయి.

అడాప్టరులో ఏమున్నది?

అడాప్టరు కేవలం తీగ కాదు. హార్డ్ డిస్కు మాట్లాడే భాష సాటా; కంప్యూటరు ద్వారం దగ్గర వాడుకలో నున్న భాష యు.ఎస్.బి. కుంఫిణీ కాలంలో చెన్నపట్నంలోనూ మచిలీపట్నంలోనూ దొరలకు, వర్తకులకు నడుమ దుబాసీలు ఉండేవారు. అడాప్టరులోని చిన్న చిప్పు అటువంటి దుబాసీయే. దానికి సొంత ప్రోగ్రాము ఉంటుంది. దానినే ఫర్మ్‌వేర్ అంటారు.

ఈ దుబాసీ పనిచేసే పద్ధతులు రెండు. 1999లో ప్రమాణీకరించిన పాత పద్ధతిలో కంప్యూటరు ఒక ఆజ్ఞ ఇచ్చి, దానికి సమాధానం వచ్చిన తరువాతనే మరొకటి ఇస్తుంది. యు.ఏ.ఎస్. అనే కొత్త పద్ధతిలో అనేక ఆజ్ఞలను ఒకేసారి పంపవచ్చు; సమాధానాలు వరుస తప్పి వచ్చినా ఏది దేనికో గుర్తించే ఏర్పాటు ఉన్నది. తద్వారా వేగం పెరుగుతుంది. అయితే కొన్ని చిప్పుల ఫర్మ్‌వేర్ లోపభూయిష్టంగా ఉండటం వలన ఆజ్ఞలు గుంపుగా వచ్చినప్పుడు ఒకటి రెండు జారవిడుస్తాయి. రాని సమాధానం కోసం కంప్యూటరు ఎదురుచూసి, చివరకు అడాప్టరును రీసెట్ చేస్తుంది. ఇది పదే పదే జరిగితే నకలు పని ఆగిపోతుంది.

ఈ సమస్య ఎంత విస్తృతమైనదంటే, 2014లో వెలువడిన 3.15 కెర్నెల్‌తో యు.ఏ.ఎస్. వాడుకలోకి వచ్చిన లినక్స్‌లో, సరిగా పనిచేయని అడాప్టర్ల పట్టికను కెర్నెల్ రచయితలు కెర్నెల్‌లోనే పొందుపరచవలసి వచ్చింది. పట్టికలో నున్న కొన్ని అడాప్టర్లతో లినక్స్ పాత పద్ధతిలోనే మాట్లాడుతుంది.

ఒక్క డిస్కు కోసం యంత్రమంతా ఎందుకు కూలుతుంది?

సాధారణ ప్రోగ్రాము పొరపాటు చేస్తే ఆ ఒక్కటే మూతపడుతుంది. డిస్కులను నడిపే డ్రైవర్లు మాత్రం ఎక్కువగా ఆపరేటింగ్ సిస్టం గర్భగుడి వంటి కెర్నెల్‌లో పనిచేస్తాయి. అడాప్టరు అనుకోని సమాధానం ఇచ్చినా, చెప్పకుండా మాయమైనా, ఆ పరిస్థితికి సిద్ధంగా లేని డ్రైవరు తప్పటడుగు వేస్తుంది. అప్పుడు మరింత నష్టం జరుగకుండా కెర్నెల్ తనను తానే నిలిపివేసుకొంటుంది. ఫ్యూజు ఎగిరిపోవడం ఇంటికి రక్ష అయినట్లే నీలి తెర కూడా సమాచారానికి రక్షయే. అది కంప్యూటరు మరణవార్త కాదు.

కరెంటు, వేడి

అడాప్టరు తడబాటుకు ఫర్మ్‌వేర్ ఒక్కటే కారణం కాదు. యు.ఎస్.బి. 2 ద్వారం ప్రమాణం ప్రకారం 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లు, అనగా 2.5 వాట్లు ఇస్తుంది, యు.ఎస్.బి. 3 ద్వారం 900 మిల్లీ ఆంపియర్లు, అనగా 4.5 వాట్లు ఇస్తుంది. లాప్‌టాప్‌లలో వాడే రెండున్నర అంగుళాల డిస్కు నడిచేటప్పుడు తక్కువే తీసుకొన్నా, నిలిచిన పళ్లెం తిరగడం మొదలైన కొద్ది క్షణాలలో దాదాపు ఒక ఆంపియరు కోరవచ్చు. అది అందకపోతే డిస్కు తిరగబోయి ఆగిపోతుంది. మూడున్నర అంగుళాల డిస్కుకు 12 వోల్టులు తప్పనిసరి. అందుకు వేరుగా విద్యుత్తు అడాప్టరు ఉండాలి.

గల్ఫ్ నివాసులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. బహ్రెయిన్‌లోని గోడ సాకెట్లు బ్రిటిష్ తరహా మూడు చదునైన పిన్నులవి. భారతదేశం నుండి తెచ్చిన గుండ్రని పిన్నుల ప్లగ్గును మార్పిడి ప్లగ్గు ద్వారా తగిలించినప్పుడు పట్టు వదులుగా ఉంటే, క్షణకాలం కరెంటు తప్పినా డిస్కు మధ్యలో మాయమవుతుంది. వేడి సంగతి చెప్పనక్కరలేదు. అనేక బాహ్య డిస్కులకు తయారీదారులు సూచించే పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ లోపే. వేసవిలో ఎ.సి. ఆపివేసిన గదిలో గంటల తరబడి నకలు చేయడం అడాప్టరుకు, డిస్కుకు కూడా పరీక్షయే.

దోషనిర్ణయం

రసాయనశాలలో లవణ విశ్లేషణ నేర్చుకొనే విద్యార్థికి మొదట చెప్పే నియమం ఒకటున్నది: ఒక్కసారి ఒక్క మార్పే చేయాలి. ఇక్కడ కూడా అదే నియమం.

మొదటగా, డిస్కును ఫార్మాట్ చేయమని తెరపై ఎటువంటి ప్రశ్న వచ్చినా అంగీకరించరాదు. టిక్కు టిక్కుమనే శబ్దం గాని, గీరుకొంటున్న శబ్దం గాని పదే పదే వినిపిస్తే వెంటనే తీగ తీసివేయాలి. తగినంత కరెంటు అందించిన తరువాత కూడా ఆ శబ్దం ఆగకపోతే అది డిస్కు వ్యాధి. నిపుణులకు చూపడమే మార్గం.

రెండవది, కూలిన సమయాన్ని కాగితంపై వ్రాసుకోవాలి. తగిలించగానే కూలితే కరెంటును, డ్రైవరును అనుమానించాలి. పెద్ద ఫైళ్ల నకలు మధ్యలో కూలితే తీగను, వేడిని, యు.ఏ.ఎస్. పద్ధతిని అనుమానించాలి. కొంతసేపు ఖాళీగా ఉన్న తరువాత కూలితే విద్యుత్ పొదుపు ఏర్పాటును అనుమానించాలి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో సెలెక్టివ్ సస్పెండ్ అనే ఏర్పాటును ఆపి చూడవచ్చు.

మూడవది, హబ్బును తొలగించి, పొట్టి తీగతో నేరుగా కంప్యూటరుకు తగిలించాలి. తరువాత ద్వారం మార్చి చూడాలి. వేరుగా విద్యుత్తు అందే అడాప్టరును యు.ఎస్.బి. 2 ద్వారానికి తగిలించినప్పుడు వేగం తగ్గినా పని స్థిరంగా సాగితే, దోషం చాలావరకు అడాప్టరుదో తీగదో అని తెలుస్తుంది.

నాలుగవది, అసలు పరీక్ష. అదే అడాప్టరుకు విలువైన సమాచారం లేని మరొక డిస్కును, అదే డిస్కుకు మరొక అడాప్టరును తగిలించి చూడాలి. అడాప్టరుతోపాటే దోషం ప్రయాణిస్తే దోషి దొరికినట్లే. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్, లినక్స్‌లో డిమెసెగ్ అనే ఆజ్ఞ చూపే వివరాలలో రీసెట్ అన్న మాట పదే పదే కనిపిస్తే అదీ సాక్ష్యమే. లినక్స్‌లో ఆ అడాప్టరు ఒక్కదానికి యు.ఏ.ఎస్. నిలిపివేసే సదుపాయం ఉన్నది. తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్ ఇస్తే దానిని వేయవచ్చు గాని, డిస్కును విడదీసిన తరువాతనే ఆ పని చేయాలి.

ఖాళీగా కనిపించే డిస్కు

దుబాసీని మార్చినప్పుడు మరొక చిక్కు ఎదురు కావచ్చు. కొన్ని అడాప్టర్లు 512 బైట్ల సెక్టార్లను కంప్యూటరుకు 4096 బైట్లవిగా చూపుతాయి. మరికొన్ని బాహ్య డిస్కు పెట్టెలలోని చిప్పు సమాచారాన్ని గుప్తలిపిలోకి మార్చి వ్రాస్తుంది. అటువంటి డిస్కును వేరే అడాప్టరుకు తగిలిస్తే అందులో ఏమీ లేనట్లు కనిపిస్తుంది. కాని సమాచారం ఎక్కడికీ పోలేదు. అదే రకం చిప్పు గల అడాప్టరు దొరికితే ఫోటోలు తిరిగి కనిపించే అవకాశం ఉన్నది. ఖాళీ అని నమ్మి ఫార్మాట్ చేస్తే మాత్రం ఆ అవకాశం చాలావరకు చేజారిపోతుంది. కావున పాత పెట్టెను, దాని చిప్పును పారవేయరాదు.

ఫోటోలు చేతికి వచ్చిన వెంటనే రెండు ప్రతులు తీయాలి. వాటిలో ఒకటి స్వదేశంలోని తల్లిదండ్రుల ఇంట్లో ఉంచడం శ్రేయస్కరం. ఏ అడాప్టరుతో ప్రతి తీశారో ఆ అడాప్టరును కూడా డిస్కుతోపాటే భద్రపరచాలి. ఈసారి తెర నీలమైనప్పుడు ఎవరైనా ఫార్మాట్ చేయమని సలహా ఇస్తే, ముందుగా మరొక అడాప్టరు తెప్పించి చూడాలి. దానికయ్యే ఖర్చు కొద్ది దీనార్లే. తాతగారి కంఠస్వరానికి మాత్రం వెల కట్టలేము.